నూగు ఏరితేనే నూలు.. తప్పు ఏరితేనే కోడ్!

* నడపకముందే లోపాలు పట్టే 'స్టాటిక్ అనాలిసిస్'
* మిల్లు తరానికి తెలిసిన పాఠమే.. సాఫ్ట్‌వేర్ తరానికీ

కోయంబత్తూరు, మదురై: పత్తి తెలిసిన ఊరికి 'లింట్' అనే మాట కొత్త కాదు. జిన్నింగ్ మిల్లులో గింజ తీసేశాక మిగిలే దూదిని వ్యాపారులు లింట్ అనే అంటారు. బట్టకు అంటుకుని చిరాకుపెట్టే నూగుకూ ఇంగ్లిషులో అదే పేరు. ఇప్పుడు అదే మాట అవినాశి రోడ్డు పక్కన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనూ వినిపిస్తోంది. అక్కడ లింట్ అంటే దూది కాదు. కంప్యూటర్ కోసం రాసిన కోడ్‌కు నూగులా అంటుకుపోయిన తప్పులను ఏరే పని. ఈ ఏరివేతకే పెద్ద పేరు 'స్టాటిక్ అనాలిసిస్'. ప్రోగ్రామును నడపకుండానే, రాసిన వాక్యాలను చదివి ఎక్కడ ఏం తేడా ఉందో చెప్పడం అన్నమాట.

'కోడ్ పనిచేస్తోంది కదా.. ఇంకేం కావాలి?' కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లకు సహజంగా వచ్చే ప్రశ్న ఇది. పనిచేయడం వేరు, రేపు కూడా నమ్మకంగా పనిచేయడం వేరు. రాసినవాడు వెళ్లిపోయాక ఇంకొకడు చదివి దిద్దుకోగలగడం మరీ వేరు. ఈ చివరి రెండింటి కోసమే ఈ తంటా అంతా.

పత్తి చేను నుంచి టైడెల్ పార్కు దాకా..

విజయనగర రాయల కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకరాజుల ఏలుబడిలోనూ తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చాయి. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాక ఈ వలసలు పెరిగాయి. కమ్మ నాయుళ్లు, బలిజలు, రెడ్లు, తొట్టియ నాయకర్లు, అరుంధతియర్లు.. ఇలా ఎన్నో వర్గాలవారు కొంగునాడులోనూ, మదురై చుట్టుపక్కలా స్థిరపడ్డారు. నల్లరేగడి దొరికిన చోట పత్తి వేశారు. పత్తి వెంట మిల్లులు, మిల్లుల వెంట యంత్రాలు, యంత్రాల వెంట కాలేజీలు వచ్చాయి.

జి.కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ నెలకొల్పారు. పీలమేడుకు చెందిన పి.ఎస్.గోవిందస్వామి నాయుడు కుమారులు 1926లో పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్ ప్రారంభించారు. ఆ ధర్మసంస్థ నీడలోనే 1951లో పీఎస్‌జీ టెక్నాలజీ కళాశాల వెలిసింది. జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి 1937లో చేసిన ఎలక్ట్రిక్ మోటారును దేశంలో తయారైన తొలి మోటారుగా చెబుతారు. 1956లో కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వచ్చింది. మదురైలో మిల్లు యజమాని కరుముత్తు త్యాగరాజన్ చెట్టియార్ 1957లో ఇంజినీరింగ్ కళాశాల పెట్టారు. విళాంకురిచ్చిలో 2010లో టైడెల్ పార్కు తెరుచుకుంది. తాత మిల్లులో నూలు చూసిన ఇంట్లోనే మనవడో, మనవరాలో ఇవాళ కోడ్ చూస్తున్నారు. పనిముట్టు మారింది గానీ పనిలోని మెలకువ మారలేదు.

కరెంటు ఇవ్వకముందే చూడాలి

స్పిన్నింగ్ మిల్లులో నూలును కోన్‌కు చుట్టే యంత్రానికి 'క్లియరర్' అనే చిన్న పరికరం ఉంటుంది. దారం ఎక్కడైనా ఉబ్బినా, సన్నబడినా అక్కడికక్కడే కత్తిరిస్తుంది. ఆ ముక్క తీసేసి, మంచి కొసలను మళ్లీ అతికి పంపిస్తారు. ఎందుకంటే కోన్ దగ్గర దొరికిన లోపానికి జానెడు దారం పోతుంది. అదే లోపం మగ్గం ఎక్కాక దొరికితే గజాల కొద్దీ గుడ్డ పోతుంది. బట్టల కొట్టుకు చేరాక దొరికితే మిల్లు పేరే పోతుంది. నూలు నాణ్యత మీద పరిశోధనకు కోయంబత్తూరులో 1955లోనే 'సిట్రా' అనే సంస్థను పెట్టుకున్నది అందుకే.

పంపుసెట్ల ఊరిలో ఇంకో పోలిక కూడా చెప్పుకోవచ్చు. మోటారు సిద్ధమయ్యాక నీళ్లలో పెట్టి, కరెంటు ఇచ్చి, ఎంత ఎత్తుకు ఎన్ని లీటర్లు తోడుతోందో కొలవడం ఒక పరీక్ష. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని 'టెస్టింగ్' అంటారు. కరెంటు ఇవ్వకముందే వైండింగ్ సరిగా చుట్టారా, తీగ ఎక్కడైనా ఒలిచి ఉందా, బోల్టు వదులుగా ఉందా అని కంటితో చూసుకోవడం ఇంకో పరీక్ష. స్టాటిక్ అనాలిసిస్ ఈ రెండో రకం. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడానికి లేదు. నడిపి చూసినప్పుడు నడిచిన దారిలోని తప్పే బయటపడుతుంది. ఆ రోజు నడవని దారిలో పొంచి ఉన్న తప్పు బయటపడదు. చదివి చూస్తే అన్ని దారులూ కళ్లముందు ఉంటాయి.

పేరు పెట్టింది 1978లో..

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే ఇంజినీరు 'సి' భాషలో రాసిన ప్రోగ్రాములను తనిఖీ చేయడానికి ఒక పనిముట్టు తయారుచేశారు. 1978 నాటి ఆ పనిముట్టుకు ఆయన పెట్టిన పేరే లింట్. బట్ట మీది నూగును దులిపినట్టు కోడ్ మీది నూగును దులుపుతుందని! ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, తర్వాత వచ్చిన పనిముట్లు కూడా అదే తోక తగిలించుకున్నాయి. పైథాన్ భాషకు పైలింట్, జావాస్క్రిప్టుకు ఈఎస్‌లింట్. కాలేజీ ల్యాబులో పిల్లలు రోజూ వాడే పేర్లే ఇవి.

ఇంతకీ ఏం పట్టుకుంటుంది? విలువ ఇవ్వకుండానే వాడేసిన పేర్లు, పేరు పెట్టి ఎక్కడా వాడనివి, ఎప్పటికీ అమలు కాని వాక్యాలు, సున్నాతో భాగించే ప్రమాదం ఉన్న లెక్కలు, తెరిచి మూయడం మరిచిన ఫైళ్లు.. ఇలాంటివన్నీ. ఒక చిన్న ఉదాహరణ. 'సి' భాషలో ఒక ఈక్వల్ గుర్తు పెడితే 'ఈ విలువ పెట్టు' అని అర్థం. రెండు పెడితే 'సమానమేనా, చూడు' అని అర్థం. ట్యాంకు నిండితే మోటారు ఆపాలని రాసేచోట, రెండు గుర్తులకు బదులు ఒకటే పడిందనుకోండి. నీళ్లు ఎంతున్నాయో చూడాల్సిన ప్రోగ్రాము, ట్యాంకు నిండిపోయిందని తానే రాసేసుకుంటుంది! కంప్యూటర్ దృష్టిలో వాక్యం సరైనదే. లింట్ మాత్రం 'ఇక్కడ నిజంగా ఒక గుర్తే పెట్టాలనుకున్నారా?' అని నిలదీస్తుంది.

మైక్రోసాఫ్ట్ సైతం ఈ దారి పట్టక తప్పలేదు. బయటి కంపెనీలు రాసిచ్చే డ్రైవర్ ప్రోగ్రాముల్లోని తప్పుల వల్ల విండోస్ తరచూ నీలి తెరతో ఆగిపోయేది. థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి అనే పరిశోధకులు 'స్లామ్' పేరుతో చేసిన పరిశోధన, డ్రైవర్ కోడ్‌ను నడపకుండానే తనిఖీ చేసే పనిముట్టుగా మారింది. రాజమణి ఆ తర్వాత బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రానికి సారథ్యం వహించారు. విండోస్ సర్వర్ 2003 కోడ్ మీద నాచియప్పన్ నాగప్పన్, బాల్ చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. స్టాటిక్ అనాలిసిస్‌లో ఎక్కువ లోపాలు కనిపించిన భాగాల్లోనే, విడుదలకు ముందు జరిగిన పరీక్షల్లోనూ ఎక్కువ తప్పులు దొరికాయని వారు తేల్చారు. చేనులో ఒక మూల చీడ కనిపిస్తే ఆ మూలంతా వెతకాలని రైతుకు తెలుసు. ఇదీ అంతే.

ఒక్క లైను రెండుసార్లు పడితే..

2014 ఫిబ్రవరిలో యాపిల్ సంస్థ ఐఫోన్లకు హడావిడిగా ఒక అప్‌డేట్ పంపింది. కారణం ఒకే ఒక్క లైను. ఫోను ఒక బ్యాంకు సైటుతో మాట్లాడేటప్పుడు, అవతల ఉన్నది నిజంగా బ్యాంకేనా అని సంతకం సరిచూసే కోడ్ ఉంటుంది. అందులో 'ఇఫ్' కింద 'గోటు ఫెయిల్' అనే లైను ఒకసారి ఉండాలి. రెండుసార్లు పడింది. మొదటిది షరతుకు లోబడింది. రెండోది ఏ షరతూ లేకుండా ప్రతిసారీ అమలైపోయింది. దాంతో కింద ఉన్న అసలు తనిఖీ జరగనే లేదు. దొంగ సైటు వచ్చి 'నేనే బ్యాంకును' అన్నా ఫోను నమ్మే పరిస్థితి.

ఈ తప్పు కంటికి ఎందుకు ఆనలేదు? రెండు లైన్లూ ఒకే వరుసలో, ఒకే జరుగుతో, రెండూ 'ఇఫ్' కిందివే అన్నట్టు అమరి ఉన్నాయి. చదివేవాడి కన్ను వరుసను నమ్ముతుంది. కంప్యూటర్ వరుసను చూడదు, బ్రాకెట్లను చూస్తుంది. మనిషికి ఒకలా, యంత్రానికి ఒకలా అర్థమయ్యే కోడ్ ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 'ప్రతి ఇఫ్‌కూ బ్రాకెట్లు పెట్టాలి' అనే మామూలు నియమం పాటించి ఉన్నా, 'ఈ కింది కోడ్ ఎప్పటికీ అమలు కాదు' అని చెప్పే హెచ్చరికను ఆన్ చేసి ఉన్నా ఇది ముందే దొరికేది. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్‌లో, తప్పుదారి పట్టించే ఇలాంటి వరుసలను పట్టే హెచ్చరికను కొత్తగా చేర్చారు.

అంతకుముందు 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలోనే నిమిషం తిరగకుండా పేలిపోయింది. పాత ఏరియన్ 4 కోసం రాసిన కోడ్‌ను కొత్త రాకెట్‌లో అలాగే వాడారు. కొత్త రాకెట్ వేగానికి ఒక అంకె పెద్దదైపోయి, దానికి కేటాయించిన 16 బిట్ల గదిలో పట్టలేదు. పడి బియ్యం పట్టే గిన్నెలో పుట్టి బియ్యం పోసినట్టయింది. ఆ ప్రమాదం తర్వాత ఏరియన్ కోడ్‌ను స్టాటిక్ అనాలిసిస్‌తో జల్లెడ పట్టారు. ఆ అనుభవం నుంచే ఈ రంగంలో పెద్ద పనిముట్లు పుట్టుకొచ్చాయి. 2003 నాటికి ఫ్రాన్స్ పరిశోధకులు తయారుచేసిన 'ఆస్ట్రే', ఎయిర్‌బస్ ఏ340 విమానాన్ని నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పొంగిపోయే లెక్కలు లేవని గణితంతో రుజువు చేసింది.

నడుస్తుంది.. చదవలేం!

తప్పులు పట్టడం సగం పనే. మిగతా సగం కోడ్‌ను చదవడానికి వీలుగా ఉంచడం. కోవై, మదురై తెలుగువారికి ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చాలా ఇళ్లలో తెలుగు గడగడా నడుస్తుంది. కాగితం మీద తెలుగు అక్షరం కనిపిస్తే పిల్లలు తడుముకుంటారు. తెలుగు మాటనే తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. మాట నడిచినంతకాలం లోటు తెలియదు. పెట్టెలో తాతల నాటి తెలుగు కాగితం బయటపడిన రోజున తెలుస్తుంది. కోడ్ కూడా అంతే. పనిచేస్తున్నంతకాలం దాని వంక ఎవరూ చూడరు. మార్చాల్సి వచ్చిన రోజున చూస్తే ఎవరికీ చదవడం రాదు. రాసినవాడు కంపెనీ మారి ఏళ్లయిపోయి ఉంటుంది.

చదవలేని కోడ్‌కు కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. వాటిని కూడా పనిముట్లు లెక్కగట్టి చెబుతాయి. 1976లో థామస్ మెక్‌కేబ్ అనే ఆయన, ఒక ఫంక్షన్‌లో ఎన్ని దారులు చీలుతున్నాయో లెక్కపెట్టే కొలత ఇచ్చారు. ఆ లెక్క 10 దాటితే ఫంక్షన్‌ను విడగొట్టడం మేలని సూచించారు. ఊరికి కొత్తగా వచ్చినవాడు నాలుగు రోడ్ల కూడలిలో దారి కనుక్కుంటాడు. ఇరవై సందులు కలిసే చోట తికమకపడతాడు. అలాగే ఒకే కోడ్ నాలుగు చోట్ల నకలుగా ఉండటం, వందల లైన్ల ఫంక్షన్లు, 'ఎక్స్', 'టెంప్1' లాంటి పేర్లు.. ఇవన్నీ చదివేవాడికి ముళ్లే.

ఉదాహరణకు 'ఎక్స్ 30 కంటే తక్కువైతే ఆపు' అని ఉందనుకోండి. ఎక్స్ ఏమిటి? 30 ఏమిటి? సెంటీమీటర్లా, శాతమా, నిమిషాలా? అదే వాక్యం 'బావిలో నీటిమట్టం కనీస మట్టం కంటే తగ్గితే మోటారు ఆపు' అని ఉంటే, పంపు రిపేరు చేసే మెకానిక్కుకూ అర్థమవుతుంది. 30 అనే అంకెకు పేరు పెట్టలేదని పనిముట్టు చెప్పగలదు. కానీ దానికి ఏ పేరు పెట్టాలో మనిషే ఆలోచించాలి.

బండిలో కోడ్.. చట్రం తప్పదు

కారులో బ్రేకు, ఇంజిను, ఎయిర్‌బ్యాగు.. అన్నిటి వెనకా ఇప్పుడు కోడే. బ్రిటన్‌లోని వాహన పరిశ్రమ 1998లో 'మిస్రా సి' పేరుతో ఒక నియమావళి తెచ్చింది. 2004, 2012లలో దాన్ని సవరించి విస్తరించారు. 'సి' భాషలో అనుమతి ఉన్నా సరే ఫలానా ఫలానా పద్ధతులు వాడకూడదని అందులో ఉంటుంది. చాలా నియమాలను పనిముట్టుతోనే తనిఖీ చేయవచ్చు. కోయంబత్తూరులో బాష్ సాఫ్ట్‌వేర్ కేంద్రం, మదురైలో హనీవెల్ కేంద్రం ఉన్నాయి. వాహనాలు, యంత్రాల సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం వెతుక్కునే ఇక్కడి ఇంజినీరింగ్ పిల్లలు మిస్రా పేరు కాలేజీలో ఉండగానే వినడం మంచిది. పరీక్షలో మార్కులకు ప్రోగ్రాము నడిస్తే చాలు. ఉద్యోగంలో అది నియమాల జల్లెడలోంచి కూడా దిగాలి.

అన్ని బురుజులూ కాపాడలేవు

మదురై కోటకు 72 బురుజులు ఉండేవని, ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాళెగాడికి అప్పగించారని చరిత్ర చెబుతారు. స్టాటిక్ అనాలిసిస్‌లో ఒక్కో నియమం ఒక్కో బురుజు లాంటిది. తన ముందు నుంచి వచ్చే శత్రువును అది పట్టుకుంటుంది. ఏ బురుజుకూ కనిపించని సందులోంచి వచ్చేవాడిని పట్టుకోలేదు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' అలాంటిదే. ప్రపంచంలోని ఎన్నో సైట్లు వాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో, అవతలివాడు 'ఇంత సమాచారం తిరిగి పంపు' అని చెప్పిన అంకెను సరిచూడకుండా నమ్మేశారు. దాంతో సర్వర్ జ్ఞాపకంలో ఉన్న రహస్యాలు ఒక్కోసారి 64 కిలోబైట్ల దాకా బయటికి పోయే వీలు కలిగింది. ఆ కోడ్‌ను అప్పటికి ఉన్న పేరున్న పనిముట్లు కూడా పట్టలేకపోయాయి. ఆ అంకె బయటివాడి నుంచి వచ్చిందని వాటికి తెలియలేదు. తర్వాత ఆ ఆనవాలును వెతికే కొత్త నియమాలు చేర్చారు.

ఏ పనిముట్టూ అన్ని తప్పులూ పట్టి, ఒక్కటీ అబద్ధం చెప్పకుండా ఉండలేదు. దీనికి మూలం 1936లో అలన్ ట్యూరింగ్ చేసిన రుజువులోనే ఉంది. ఏ ప్రోగ్రాము ఆగుతుందో, ఏది ఆగదో అన్నిసార్లూ చెప్పగల యంత్రం అసాధ్యమని ఆయన తేల్చారు. కాబట్టి పనిముట్టు కొన్నిసార్లు లేని తప్పును ఉందంటుంది. ఇక్కడే అసలు చిక్కు. 'నాన్నా పులి' కథ అందరికీ తెలిసిందే. వంద హెచ్చరికల్లో తొంభై ఉత్తివైతే, నిజమైన పదింటినీ ఎవరూ చదవరు. హెచ్చరికలనే మూసేస్తారు. గూగుల్ ఇంజినీర్లు 2018లో రాసిన వ్యాసంలో దీనికి ఒక హద్దు చెప్పారు. ప్రోగ్రామర్లు పనికిరాదనుకునే హెచ్చరికలు 10 శాతం లోపే ఉండాలని, దాటిన నియమాన్ని సరిచేయాలి లేదా తీసేయాలని వారి పద్ధతి.

ఇప్పుడు ఏఐ పనిముట్లు అడిగిన వెంటనే పేజీల కొద్దీ కోడ్ రాసిస్తున్నాయి. చూడటానికి చక్కగా, పొందికగా ఉంటుంది. లోపల తప్పు ఉండదన్న హామీ లేదు. రాసే వేగం పెరిగిన కొద్దీ చదివే ఓపిక తగ్గుతోంది. ఏరివేత అవసరం పెరిగేది ఇలాంటప్పుడే. యంత్రం రాసినా, మనిషి రాసినా జల్లెడ ఒక్కటే. చివరన మనిషి కన్ను పడాల్సిందే.

మొదలుపెట్టేవారికి..

* ముందుగా కంపైలర్ హెచ్చరికలన్నీ ఆన్ చేయండి. జీసీసీలో 'వాల్' అనే ఆప్షన్ చాలా హెచ్చరికలను ఒకేసారి తెరుస్తుంది. పైసా ఖర్చు లేదు.

* సీపీపీచెక్, క్లాంగ్‌టైడీ, పైలింట్, ఈఎస్‌లింట్, స్పాట్‌బగ్స్.. ఇవన్నీ ఉచితమే. మీరు రాసే భాషకు తగినది ఒకటి ఎంచుకుని, ల్యాబు ప్రోగ్రాములతోనే అలవాటు చేసుకోండి.

* పాత కోడ్ మీద మొదటిసారి నడిపితే వేల హెచ్చరికలు వస్తాయి. బెదిరిపోవద్దు. వాటిని పక్కన నమోదు చేసి, ఈరోజు నుంచి రాసే కోడ్‌లో ఒక్క కొత్త హెచ్చరిక రాకుండా చూసుకోండి. పాతవాటిని వారానికి కొన్ని చొప్పున తీర్చండి.

* హెచ్చరిక ఉత్తిదని తేలితే మూయవచ్చు. ఎందుకు మూశారో పక్కనే ఒక వాక్యం రాయండి. తర్వాత వచ్చేవారికి అదే ఆధారం.

* వరుసలు, ఖాళీల గురించి టీములో వాదులాట వద్దు. ఆ పని ఫార్మాటర్‌కు అప్పగించండి. మీరు పేర్ల గురించి, ఫంక్షన్ల పొడవు గురించి మాట్లాడుకోండి.

* పనిముట్టు 'బాగుంది' అన్నాక కూడా పక్కవారికి కోడ్ ఇచ్చి చదవమనండి. వాళ్లు ఎక్కడ ఆగి అడుగుతారో అక్కడే మీరు మళ్లీ రాయాలి.